బొమ్మ ఆయనది, మాట ఆవిడది

మా అత్తగారి లెక్కలో నవ్వులు రెండే రకాలు. దానంతటది వచ్చేది ఒకటి, పనిగట్టుకుని తెచ్చుకునేది ఒకటి. రెండోదాన్ని ఆవిడ దొంగనవ్వు అంటారు. టీవీ స్కిట్లలో ఓ పక్కన కూర్చుని, కుర్చీ చేతులు బాదుకుంటూ నవ్వే జడ్జీల మీద ఆవిడకున్నంత కోపం కోడలినైన నా మీద కూడా లేదంటే, అది ఎంత కోపమో మీరే ఊహించుకోండి.

"మాట ఇంకా వాడి నోట్లోనే ఉంది, వీళ్ళ నవ్వు అప్పుడే వీధి చివరికి వెళ్ళిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అంటూ మిషను చక్రాన్ని గిర్రున తిప్పుతారు.

అత్తగారు బట్టలు కుడతారు. చొక్కాలు, గౌన్లు, స్కూలు యూనిఫాంలు, ఎవరైనా బతిమాలితే కిటికీ కర్టెన్లు. ముందుగదిలో కిటికీ కింద ఆవిడ మిషను. వెలుగు అక్కడే బాగుంటుంది కాబట్టి అది అక్కణ్ణుంచి కదలదు. టీవీ ఏమో ఎదుటి గోడకుంది. అంటే అత్తగారి వీపు వెనక. కూర్చున్నవాళ్ళందరికీ టీవీ కనపడుతుంది, ఒక్క అత్తగారికి తప్ప. అందుకని ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్క స్కిట్టు కూడా చూడలేదు. అన్నీ విన్నారు. ఒకసారి ఏదో పత్రికలో ఆవిడకు బాగా నచ్చిన కమెడియన్ ఫొటో చూపిస్తే, "ఎవరే ఈ బక్కాయన?" అన్నారు. ఫలానా అని చెప్పాను. చాలాసేపు నమ్మలేదు. "ఆ గొంతుకి ఈ ఒళ్ళేమిటి? కొలతల్లో ఎక్కడో పొరపాటు జరిగింది" అని తేల్చేశారు.

ఇక మా మామగారు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. అవతల యంత్రాలు గోల చేస్తుంటే ఇవతల బల్ల ముందు కూర్చుని అక్షరాల వంక చూస్తూ బతుకంతా గడిపారు. నోట్లో నాలుక లేని మనిషి. ఏమడిగినా "ఊ" అంటారు, లేకపోతే "చూద్దాం" అంటారు. ప్రెస్సు చప్పుడుకి ఆయన చెవులు దెబ్బతిన్నాయని బంధువుల నమ్మకం. "చెవులకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. వినరు, అంతే. నేను చెప్పేది ఈ ఇంట్లో గోడలైనా వింటాయేమో గాని ఆయన వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని అత్తగారి వాదన.

ఆ మామగారికి లోకంలో ఉన్న ఒకే ఒక్క సరదా క్విజ్. తలకిందులైనా సాయంత్రం ఆ కార్యక్రమం చూడాల్సిందే. అత్తగారి స్కిట్లూ సరిగ్గా ఆ వేళకే. ఇంట్లో టీవీ ఒకటే. కొత్తలో దీని మీద పెద్ద యుద్ధమే జరిగిందట. చివరికి ఎలా రాజీపడ్డారో, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి సాయంత్రమే కళ్ళారా చూశాను.

టీవీలో క్విజ్ నడుస్తోంది, కాని మాట లేదు. మ్యూట్. ప్రశ్నా, కింద నాలుగు జవాబులూ తెర మీద రాస్తారు కదా, మామగారికి చదువుకోవడానికి అవి చాలు. పక్కన మిషను బల్ల మీద ఒక ఫోను బోర్లించి ఉంది. అందులోంచి స్కిట్ల గోల. బొమ్మ ఆయనది, మాట ఆవిడది. తెర మీద ఒకావిడ తన కష్టాలు చెప్పుకుంటూ కళ్ళు తుడుచుకుంటోంది, గదిలో పకపకలు. ఆవిడ జవాబు తప్పయి తల దించుకుంది, గదిలో ఈలలు, చప్పట్లు. మామగారు నిశ్చింతగా చూస్తున్నారు. అత్తగారు నిశ్చింతగా కాలరు కుడుతున్నారు. పిచ్చివాళ్ళ ఇంట్లో పడ్డానా దేవుడా అనుకున్నాను. మా ఆయన వంక చూస్తే ఆయన తన ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నాడు. కొన్నాళ్ళకు అత్తగారి ఫోను పాడైంది. అప్పట్నుంచి ఆ గంటసేపు నా ఫోను నాది కాదు.

మెల్లగా నాకూ ఆ చదువు వంటబట్టింది. మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి, గుండీలు కుట్టడంలో సాయం చేస్తూ అత్తగారి పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ అభిప్రాయాలకు అంతుండేది కాదు. చెంపదెబ్బల కామెడీ ఆవిడకు గిట్టదు. "దెబ్బ కొట్టినవాడు ఇక్కడుంటే చప్పుడు ఇంకెక్కణ్ణుంచో వస్తోందే" అనేవారు. మగవాళ్ళు ఆడవేషం వేస్తే అభ్యంతరం లేదు, కాని గొంతు కీచుగా పెట్టారో తిట్ల దండకమే. "నీ గొంతు బొంగురు, నాది బొంగురు, మనిద్దరం ఆడవాళ్ళం కామా?" అని నన్ను కూడా కలిపేవారు. ఒకే జోకు నెలలో మూడోసారి వస్తే, "ఇది తిరగేసి కుట్టిన చొక్కా" అనేవారు. అతికించిన నవ్వుని మాత్రం ఇట్టే పట్టేసేవారు. "చూడు, మొన్నటి నవ్వునే మళ్ళీ పెట్టారు. అదే ఆవిడ, అదే దగ్గు!" నాకు ఏ దగ్గూ వినపడేది కాదు. కాస్త శ్రద్ధగా వింటే నిజమే, దగ్గు ఉండేది.

కళ్ళతో చూడకపోయినా, నేను చెప్పగా విన్నంతలోనే క్విజ్ గురించి కూడా ఆవిడకు అభిప్రాయాలుండేవి. "తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే లేచి రావాలి. మధ్యలో ఆ నుదురు తుడుచుకోవడం దేనికి?" అనేవారు. ఇన్నిటికీ మామగారి దగ్గర్నుంచి ఉలుకూ ఉండదు పలుకూ ఉండదు. స్కిట్ల గురించి ఆయన అభిప్రాయం ఏమిటో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెర మీద ప్రశ్న పడగానే ఆయన పెదవులు చిన్నగా కదిలేవి. జవాబు అదే అయ్యేది, చాలాసార్లు.

ఆ పెదవుల్ని చూసి చూసి నాకు ఉండబట్టలేదు. క్విజ్‌వాళ్ళు కొత్త మనుషుల కోసం ఫోనులో ప్రశ్నలు పంపుతున్నారని తెలిసి, మామగారి చేత జవాబులు నొక్కించాను. అక్కడా అంతా చదివి నొక్కడమే, మాట్లాడే పని లేదు. కాబట్టి ఏ అడ్డూ లేకుండా నెగ్గుకొచ్చేశారు. షూటింగుకు రమ్మని కబురొచ్చింది.

ఇల్లంతా సందడి. ముందుగా చల్లటి నీళ్ళు పోసినవారు పక్కవాటా మాస్టారు. ఆయన లెక్కల మాస్టారు, ఆ క్విజ్ కోసం ఎన్నోసార్లు ప్రయత్నించి విసిగిపోయారు. "సంతోషం బావగారూ. కాని తెలియడం వేరు, చెప్పడం వేరు. అక్కడ నోరు తెరవాలి మరి" అన్నారు. మామగారు "చూద్దాం" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు అత్తగారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించారు.

"ఎందుకు చేశావే ఈ పని?"

"మంచికే కదా అత్తయ్యా. మామయ్యగారికి అన్నీ వస్తాయి."

"వస్తాయి, ఎవరు కాదన్నారు? లోకమంతా చూస్తుండగా నోరు పెగలక కూర్చున్నారనుకో, ఇంటికొచ్చి మళ్ళీ ఆ టీవీ వంక తలెత్తి చూడరు. నాకు తెలుసు ఆయన సంగతి. ప్రెస్సులో ఒకసారి ఎవరో ఏదో అన్నారని ఆ మనిషి కూర్చునే వైపే వెళ్ళడం మానేశారు. ఆ మనిషికున్నదే ఒక్క సరదా. అదీ పోతే సాయంత్రాలు ఏం చేస్తారే?"

అప్పుడు తెలిసింది నాకు, నేను దేన్ని కదిలించానో. గెలుపూ కాదు, బహుమతీ కాదు. ఆయన ఒక్క జవాబు నోటితో చెప్పి, తలెత్తుకుని ఇంటికొస్తే చాలు. పై ప్రాణాలు పైనే పోయాయి.

షూటింగు రోజున వెంట ఇద్దరు రావచ్చన్నారు. మా ఆయన సెలవు దొరకదన్నాడు. అత్తగారూ నేనూ వెళ్ళాం. మామగారికి అత్తగారు కొత్త చొక్కా కుట్టారు. తెర మీద బాగుండాలని నీలం గుడ్డ తీశారు. అక్కడికి వెళ్ళాక చూస్తే గోడలన్నీ నీలమే. నెత్తీ చేతులూ తప్ప మామగారు గోడలో కలిసిపోయారు.

మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. చెవికి మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి వచ్చి నియమాలు చెప్పింది. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు, బోర్డు ఎత్తినప్పుడు చప్పట్లు కొట్టాలి, దించగానే ఆపాలి. "నవ్వడానికి కూడా బోర్డుందా అమ్మా?" అని అత్తగారు అడిగారు. ఉందని ఆ అమ్మాయి తెచ్చి చూపించింది కూడా. అత్తగారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

దీపాలు వెలిగాయి. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. "చూస్తే నాకేం అర్థం కాదే, వింటాను" అన్నారు. దాంతో బోర్డు ఎప్పుడెత్తారో తెలియక అందరూ ఆపేశాక ఆవిడ మొదలుపెట్టేవారు. మైకు అమ్మాయి రెండుసార్లు గుర్రుగా చూసింది. చూడటం ఎవరికి కనపడింది గనక?

యాంకరు మామగారిని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి, ఏం చేస్తుంటారని అడిగాడు. మామగారు "ప్రెస్సు" అన్నారు. ఇంకేమైనా చెప్పమన్నాడు. మామగారు చాలాసేపు ఆలోచించి "ప్రూఫులు" అన్నారు. బోర్డు లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి ప్రశ్న పడింది. తేనెటీగకు ఎన్ని కళ్ళు? రెండు, మూడు, ఐదు, ఎనిమిది. ఇది మామగారికి తెలుసు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఒకసారి వచ్చింది కూడా. నేను హాయిగా వెనక్కి వాలాను. అంతలో మొదలైంది ఒక చప్పుడు. ధన్, ధన్, ధన్. గుండె కొట్టుకున్నట్టు డప్పు, దాని వెనక గడియారం టిక్కుటిక్కు. మామగారు ఉలిక్కిపడి పైకి చూశారు, పక్కకు చూశారు.

"ఏమైంది సార్?" అన్నాడు యాంకరు.

"ఆ డప్పు... రోజూ ఉంటుందా?"

"ఏ డప్పు సార్?"

అన్నేళ్ళుగా ఆ క్విజ్ చూస్తున్నారు గాని ఆయన దాన్ని ఒక్కరోజూ వినలేదు. మా ఇంట్లో క్విజ్ అంటే నిశ్శబ్దం, చుట్టూ జనం నవ్వులు. ఇక్కడంతా తలకిందులు. జనం బిగుసుకుని ఉన్నారు, ప్రశ్నేమో డప్పు కొడుతోంది. ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్ళీ తెరిచారు. యాంకరు కళ్ళలోకి చూస్తూ "ఆలోచించుకోండి సార్, ఆలోచించుకోండి" అంటున్నాడు. మామగారి చూపు తెర మీద నిలబడటం లేదు. లేచి వెళ్ళిపోతారేమో అనిపించింది. కుర్చీ అంచుకు జరిగారు కూడా.

"ఊపిరి బిగబట్టారే" అని పక్కన అత్తగారు గొణిగారు. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నారు.

ఆ తర్వాత ఆవిడ నవ్వారు.

అలాంటి ఇలాంటి నవ్వు కాదు. ముందు చిన్నగా మొదలై, పోగుపోగుగా పెరిగి, స్టూడియో కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. డప్పు దాని కింద ఎటుపోయిందో. వెనక వరసల్లో ఎవరో బోర్డు లేచిందనుకుని చప్పట్లు కొట్టేశారు. మైకు అమ్మాయి వంగి పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను మామగారినే చూస్తున్నాను. ఆయన ఇటు తల తిప్పారు. మూతి ఒక పక్కకు వంకర పోయింది. నవ్వాపుకుంటున్నారు! కుర్చీలో వెనక్కి సర్దుకుని, గట్టిగా, ఆ చివరి మనిషికి కూడా వినపడేలా "ఐదు" అన్నారు.

ఐదే.

"ఎందుకు నవ్వారమ్మా మీరు?" అని మైకు అమ్మాయి అత్తగారి మీద విరుచుకుపడింది.

"నవ్వొచ్చింది, నవ్వాను. దానికి కూడా నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటావా?"

ఇంకోసారి నవ్వితే బయటికి పంపుతామన్నారు. ఆ అవసరం రాలేదు. రెండో ప్రశ్న ఏదో దేశపు రాజధాని గురించి. మామగారు పాత అట్లాసు మనిషి, పాత పేరే చెప్పారు. ఆ పేరు మార్చి చాలాకాలమైందట. చేతిలో ఇస్త్రీ పెట్టె ఒకటి పెట్టి, నమస్కారం చేసి పంపించేశారు.

తిరుగు బస్సులో మామగారు ముందు సీట్లో ఇస్త్రీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనక మేమిద్దరం. "భలే సమయానికి నవ్వొచ్చింది అత్తయ్యా మీకు" అన్నాను.

ఆవిడ ముందుకి వంగి, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారని రూఢి చేసుకుని, నా చెవిలో అన్నారు. "రాలేదే. గుండె దడదడలాడుతుంటే నవ్వెక్కణ్ణుంచి వస్తుంది? తెచ్చుకున్నాను."

నేను నోరు తెరిచాను.

"మూసుకో. ఆయనకు మాత్రం చెప్పకు. నిజమనుకునే ధైర్యం తెచ్చుకున్నారు పాపం. ఇన్నాళ్ళూ జడ్జీల్ని తిట్టిపోసి, చివరికి నేనూ ఆ జాబితాలోనే చేరాను, ఖర్మ!"

ఇంటికొచ్చాక అత్తగారు భయపడినట్టే అయ్యింది. రెండో ప్రశ్నకే అందరి ముందూ తప్పు చెప్పానన్న సిగ్గో ఏమో, మామగారు సాయంత్రం టీవీ పెట్టడం మానేశారు. పేపరు పట్టుకుని వరండాలో కూర్చునేవారు. పిలిస్తే "చూద్దాం" అనేవారు. అత్తగారు ఫోనులో స్కిట్లు పెట్టుకునేవారు గాని, రెండు నిమిషాలకే "ఇవాళ ఒక్కటీ బాగాలేదు" అని ఆపేసేవారు. ముందుగదిలో మిషను చప్పుడొక్కటే మిగిలింది. నాకు ఆ ఇల్లు ఇల్లులా అనిపించేది కాదు. నా ఫోను నాకు దొరికింది, కాని దాంతో ఏం చేసుకోను?

ఆ భాగం టీవీలో వచ్చే రోజు మాస్టారు తన కుర్చీ తనే తెచ్చుకుని వచ్చారు. మామగారిని నేనూ మా ఆయనా చెరో పక్కా పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాం. అత్తగారు జన్మలో మొదటిసారి స్టూలు ఇటు తిప్పుకుని కూర్చున్నారు. మాట కూడా పెట్టాం. డప్పు విని మాస్టారు కూడా కాస్త జంకారు.

తెర మీద మామగారు నోరు తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచారు. డప్పు మోగుతోంది. అత్తగారు కొంగు గుప్పిట్లో బిగించారు. ఇదిగో, ఇప్పుడే, అనుకున్నాను. ఎక్కడ? ఆ నవ్వు లేదు! డప్పు అలాగే మోగుతోంది, అంతే. తెర మీద మామగారు ఏ కారణమూ లేకుండా మూతి వంకర పెట్టి, ముసిముసిగా నవ్వి, "ఐదు" అన్నారు.

"నవ్వు తీసేశారు!" అత్తగారు స్టూలు మీంచి లేచిపోయారు. "చచ్చు జోకులకు లేని నవ్వులు తెచ్చి అతికిస్తారు, ఉన్న ఒక్క నవ్వునీ కత్తిరించి పారేశారు! వీళ్ళ చేతికి కత్తెర ఎవరిచ్చారు?" అది ఎలాంటి నవ్వో గుర్తొచ్చిందేమో, నా వంక ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

మామగారు ఇదేమీ పట్టించుకోలేదు. ఆయన తర్వాత కూర్చున్న కుర్రాడికి ప్రశ్న పడింది. మామగారి పెదవులు కదిలాయి. "మూడోది" అన్నారు, పైకే. మూడోదే. అత్తగారు తిట్టడం ఆపి ఆయన వంక చూశారు. నాకు ఒళ్ళంతా తేలికపడింది.

"అది సరే గాని బావగారూ" అన్నారు మాస్టారు, "అంత ఇరకాటంలో ఉన్నవారు, అక్కడ ఉన్నట్టుండి ఎందుకు నవ్వారు మీరు?"

మామగారు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, నేను విన్నంతలో ఆయన జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడారు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈవిడ ఒక్క దొంగనవ్వు నవ్వలేదు. నేను కొత్త చొక్కా తొడుక్కుని జోకు వేసినా నవ్వలేదు. ఆ రోజు నా కోసం అంతమందిలో అంత పెద్ద దొంగనవ్వు నవ్వింది. ఆ మొదటి 'హి' దగ్గరే తెలిసిపోయింది. నవ్వు రాదా మరి?"

అత్తగారు నిలబడ్డ చోటే ఉండిపోయారు. ఇన్నేళ్ళు గోడకు చెబుతున్నాననుకున్న మాటలన్నీ ఒక్కసారి తిరిగొచ్చి వినపడ్డట్టుంది ఆవిడకు. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేశారు. నాకు మాత్రం ఆవిడను చూస్తే అసూయ వేసింది. నిజంగానే వేసింది.

పక్కన కూర్చున్న మా ఆయన వంక చూశాను. ఆయన ఫోనులోంచి తలెత్తి, "ఏంటి? నాన్న ఏమన్నారు?" అని అడిగాడు.